ఇంగ్లీషు జాతీయములు

జాతీయ మనగా, విడివిడిగా చూచినపుడు అందరికి తెలిసిన మాటలే యయ్యు, ఒకచోట చేరినపుడు తమ కూడికవలన రావలసిన యర్థమును విడిచి, వాడుకవలన స్థిరపడిన వేరొక యర్థమును చెప్పెడి పదబంధము. దీనినే మనవారు నుడికార మనియు, పలుకుబడి యనియు వ్యవహరింతురు. ఇంగ్లీషువారు దీనికి పెట్టుకొన్న "ఇడియమ్" అను పేరు గ్రీకుభాషలోని "ఇడియోస్" అను శబ్దమునుండి పుట్టినది. ఆ శబ్దమునకు సొంతము, తనకు మాత్రమే చెందినది అని యర్థము. ఊరి వ్యవహారములలో తల దూర్పక తన పని యేదో తాను చూచుకొనువానిని గ్రీకులు ఈ మూలమునుండియే పుట్టిన మరియొక మాటతో పిలిచిరి. ఆ మాటయే కాలక్రమమున "ఇడియట్" అయి తెలివిమాలినవానికి పేరైనది. ఒక భాషకు సొంతమైన సంపద పరభాషవానికి వెర్రిమాటగా వినిపించుట ఈ చుట్టరికమును బట్టి చూడ వింత గాదు.

సామెతకును జాతీయమునకును భేదము కలదు. సామెత తనంతట తాను నిలువగల వాక్యము. "ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్" అనునది సామెత. చినుగు చిన్నదిగా నున్నప్పుడే యొక కుట్టు వేసినచో పిమ్మట తొమ్మిది కుట్లు తప్పునని దాని భావము. జాతీయమో, వాక్యములో నొక యవయవము మాత్రమే. దానికి కర్తను, కాలమును వక్తయే కూర్చుకొనవలెను. "సిట్ ఆన్ ది ఫెన్స్", అనగా కంచెమీద కూర్చుండుట, ఎటును తేల్చుకొనని వానిని గూర్చి చెప్పునది. అట్టివానిని మనము గోడమీది పిల్లి యందుము. అయినను ఈ రెంటి నడుమ గీసిన గీత గట్టిది కాదు. తెలిసినవానికే తెలియజెప్పబోవు వానిని చూచి ఇంగ్లీషువారు అమ్మమ్మకు గుడ్డు పీల్చుట నేర్పుచున్నా వందురు. మనవారు తాతకు దగ్గులు నేర్పుచున్నా వందురు. ఇందులో ఏది సామెత, ఏది జాతీయము అని తగవు పెట్టుకొనుటకంటె, రెండుజాతులును ఈ పనికి ఇంటిలోని ముసలివారినే పిలిచినవని గమనించుట మేలు.

జాతీయమునకు ముఖ్యలక్షణము బిగువు. "కిక్ ది బకెట్" అనగా చచ్చుట. బకెట్ అనగా బాల్చీ యనియు, కిక్ అనగా తన్ను అనియు చిన్నతరగతి పిల్లలకు సైతము తెలియును. కాని యొకడు బాల్చీని తన్నెనని ఇంగ్లీషులో చెప్పిన యా వాక్యమునే కర్మణిప్రయోగముగా తిప్పి, బాల్చీ యతనిచేత తన్నబడెను అన్నచో, చావు మాయమై నిజమైన బాల్చీయు, ఒలికిన నీళ్ళును మాత్రమే మిగులును. "బకెట్"కు మారుగా దానికి పర్యాయమైన "పెయిల్" శబ్దము వేసినను అంతే. అన్నియు నింత బిగువైనవి కావు. "స్పిల్ ది బీన్స్", అనగా చిక్కుడుగింజలు ఒలకబోయుట, రహస్యము బయటపెట్టుటకు చెల్లునది. దీనిని కర్మణిలోనికి మార్చినను చెడదు. ఏలయన, ఇందు గింజలు రహస్యమునకును, ఒలకబోయుట వెల్లడించుటకును వేరువేరుగా నిలుచుచున్నవి. తొంటి జాతీయములో బాల్చీ దేనికి నిలిచినదో ఎవ్వరును చెప్పజాలరు. ఈ బాల్చీ 1785వ సంవత్సరమున ఫ్రాన్సిస్ గ్రోస్ అను నతడు బజారుభాషకు కూర్చిన నిఘంటువునందు కానవచ్చుచున్నది. కోసిన పందిని తలక్రిందుగా వ్రేలాడదీయు దూలమునకు ఇంగ్లండులో కొన్నిసీమలందు "బకెట్" అను పేరు కలదనియు, కొనయూపిరితో కొట్టుకొనుచు ఆ జంతువు దానిని తన్నెడిదనియు పెక్కురు వివరింతురు.

ఈ బిగువుచేతనే, వాడుకలోనుండి ఎన్నడో జారిపోయిన మాటలు జాతీయములలో చిక్కుకొని బ్రతికియున్నవి. చుట్టపక్కములను "కిత్ అండ్ కిన్" అందురు గాని "కిత్" అనుదానిని ఒంటరిగా నేటి ఇంగ్లీషువాడు పలుకడు. మనము "మందూమాకూ" అన్నప్పుడు "మాకు" అనునది చెట్టునకు పేరైన "మ్రాకు" అని తలచుకొనువా రెందరు? వస్తువును చూడకయే కొనుటకు "పిగ్ ఇన్ ఎ పోక్" అని పేరు; పోక్ అనగా సంచి. ఆ మాట యీ యర్థమున నేడు దాదాపుగా పోయినను, సంచిలో కట్టిన పందిపిల్లను మూతి విప్పి చూడకుండ సంతలో కొన్నవాని తెలివితక్కువ మాత్రము భాషలో నిలిచినది. జంటమాటలలో మరికొన్ని న్యాయస్థానములనుండి వచ్చినవి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట పాలకుల పలుకు ఫ్రెంచియు, ప్రజల పలుకు ఇంగ్లీషును, శాస్త్రముల పలుకు లాటినును కాగా, పత్రములు వ్రాయువారు ఒకే వస్తువునకు రెండుభాషల పేర్లను ప్రక్కప్రక్కన పెట్టు నలవాటు చేసికొనిరి. మరణశాసనమును "విల్ అండ్ టెస్టమెంట్" అనుటయు, సొత్తును "గూడ్స్ అండ్ చాటెల్స్" అనుటయు అట్టివి.

పరదేశీయుని ఎక్కువగా బాధించునవి యీ రంగురంగుల పలుకుబడులు కావు; చిన్నక్రియకు చిన్న యవ్యయము తగిలించిన జంటలే. "గివ్" అనగా ఇచ్చుట. దానికి "అప్" చేర్చినచో మానివేయుట, "ఇన్" చేర్చినచో లొంగిపోవుట, "అవే" చేర్చినచో దానమిచ్చుటయో గుట్టు బయటపెట్టుటయో, "ఔట్" చేర్చినచో పంచిపెట్టుటయో శక్తియుడిగి ఆగిపోవుటయో యగును. "పుట్ అప్ విత్" అన్న మూడుమాటలు కలిసి ఓర్చుకొనుట యైనవి. ఇందు మనము ఇంగ్లీషువారిని తప్పుపట్టుటకు వీలులేదు. చేయిచ్చుట మోసగించుటయు, చేయిచేసికొనుట కొట్టుటయు, చేయెత్తుట ఒకచోట మ్రొక్కుటయు ఒకచోట కొట్టబోవుటయు, చేతులెత్తివేయుట తనవలన కాదని తప్పుకొనుటయు ఎట్లైనవని తెలుగు నేర్చుకొను ఇంగ్లీషువా డడిగినచో మనకును సమాధానము లేదు.

ఇక పుట్టుకను విచారింతము. ఇంగ్లండు దీవి యగుటచేతను, దాని యైశ్వర్యము శతాబ్దములపాటు ఓడలమీదనే నడచుటచేతను, ఆ భాషలోని జాతీయములలో నొక పెద్దభాగము నావికులది. ఈ మాట పుస్తకములలో తరచుగా వినిపించును గాని, దీని లోతు తెలియవలెనన్నచో ఓడపైకి పోయి త్రాళ్ళను చూడవలెను. త్రాగి తూలువానిని "త్రీ షీట్స్ ఇన్ ది విండ్" అందురు. షీట్ అనగానే మనకు దుప్పటియో కాగితమో తోచును. తెరచాపయే కాబోలునని ఊహించువారును కలరు. నావికభాషలో షీట్ అనునది తెరచాప క్రిందిమూలను బిగించి పట్టు త్రాడు. అట్టి త్రాళ్ళు మూడు సడలి గాలికి కొట్టుకొనుచున్నచో చాపలకు అదుపు తప్పి, ఓడ కల్లుపాకనుండి వచ్చిన వానివలె నటునిటు తూలును. "టేకెన్ అబాక్" అనగా దిగ్భ్రమ చెందుట. గాలి హఠాత్తుగా దిక్కు మార్చి ఎదురుగా వీచి, చాపలను వెనుకకు కొయ్యమీదికి నొక్కివేసినపుడు పరుగెత్తుచున్న ఓడ దిగ్గున నిలిచిపోవును. ఆ నిలిచిపోవుటయే దిగ్భ్రమ.

"బై అండ్ లార్జ్" అను పలుకును ఇంగ్లీషు పత్రికలలో దినమున కొకసారియైనను చదువుచుందుము. మొత్తముమీద అని యర్థము. ఇందులో సముద్రమున్నదని ఊహించుటయే కష్టము. గాలికి ఎదురుగా, అది యెంతవరకు నిచ్చునో అంతవరకు ఒదిగి నడచుట "బై". గాలిని వెనుకనుండి పుచ్చుకొని విచ్చలవిడిగా సాగుట "లార్జ్". రెండువిధములను చక్కగా నడచు ఓడ ఎట్టి గాలికైనను పనికివచ్చునది. పనివాని మెలకువలు తెలిసియుండుటను "నో ది రోప్స్" అనుటయు, ఒకని యుత్సాహము నణచివేయుటను అతని తెరచాపలలోని గాలి తీసివేయుట యనుటయు ఈ కోవలోనివే. తెలిసి తెలియనట్లు నటించుటకు "టర్న్ ఎ బ్లైండ్ ఐ" అందురు. 1801లో కోపెన్‌హేగన్ యుద్ధమున, వెనుకకు మరలుమని పై యధికారి యెత్తించిన జెండాలను చూడవలసివచ్చినపుడు నెల్సన్ దూరదర్శినిని తన గ్రుడ్డికంటికి పెట్టుకొని, తనకేమియు కనబడుటలేదనెనని ప్రసిద్ధి. మాట అంతకుముందే యున్నదనువారును కలరు. కాని కథ మంచిదైనపుడు జనులు తేదీలు లెక్కచూడరు.

ఓడ తరువాత చెప్పదగినది ఆటస్థలము. పందెపుగుర్రములనుండియు, మల్లరంగమునుండియు వచ్చినవి పెక్కులు. వానిని విడిచి క్రికెట్టును మాత్రము పేర్కొందును, ఏలయన అది మనకును ఇంటియాట యైనది. వాన కురిసి తడిసిన పిచ్ ఎండకు ఆరుచుండగా బంతి యెటు లేచునో యెవ్వరికిని తెలియదు; కావున చిక్కులో పడినవాడు "స్టికీ వికెట్" మీద నున్నాడు. ధర్మము కానిది "నాట్ క్రికెట్". 1858లో షెఫీల్డు పట్టణమున స్టీఫెన్‌సన్ అను బౌలరు వరుసగా మూడుబంతులకు మూడు వికెట్లు తీయగా, చూచినవారు చందాలెత్తి అతనికి టోపీ నొకదానిని బహూకరించిరి. ఆ టోపీపేరిట పుట్టిన "హ్యాట్రిక్" ఇంగ్లండులో క్రికెట్టును దాటి ఇతర క్రీడలలోనికి పోయినది. మన పత్రికలలోనో, మూడుమారులు వరుసగా గెలిచిన శాసనసభ్యునికిని, మూడుచిత్రములు వరుసగా ఆడిన కథానాయకునికిని అదే టోపీ పెట్టుచున్నారు.

గ్రంథములనుండి దిగిన జాతీయములలో అగ్రస్థానము బైబిలునది. హీబ్రూ గ్రీకు మూలములనుండి ఇంగ్లీషు చేసిన విలియమ్ టిండేలు మతద్రోహియని 1536లో చంపబడెను గాని, అతని పలుకులు 1611లో జేమ్సురాజు పేర వెలువడిన అనువాదములో పెక్కుచోట్ల నట్లే నిలిచి, ఆదివారము ఆదివారము చర్చిలో వినబడి, చదువురాని రైతు నోటికిని ఎక్కినవి. ఒకరి తప్పు నెత్తిన వేసికొని బలియగువానికి "స్కేప్‌గోట్" అను మాటను 1530లో సృష్టించినవాడు టిండేలే. జనుల పాపములను మోపి అడవిలోనికి తోలివేయు మేక యది. మన పత్రికలవారు దానిని "బలిపశువు" చేసినారు. జాగ్రత్తగా చూచినచో టిండేలు మేక చంపబడదు, విడువబడును. వెంట్రుకవాసిలో తప్పించుకొనుటకు "బై ది స్కిన్ ఆఫ్ వన్స్ టీత్" అందురు; పంటికి చర్మమెక్కడిదని అడుగరాదు, యోబు గ్రంథములోని హీబ్రూ పలుకును మాటకు మాటగా దించినందున వచ్చిన వింత యది. రానున్న చేటును ముందే సూచించు చిహ్నమును "గోడమీది వ్రాత" యనుట బెల్షస్సరురాజు విందులో కనబడిన చేతివ్రాతను బట్టి. ఒకదానితో తనకు సంబంధము లేదని తేల్చుటకు ఇంగ్లీషువారు చేతులు కడుగుకొందురు. ఏసును అప్పగించి పిలాతు కడుగుకొన్న చేతులవి. మనకు చేతులు కడుగుకొనుట భోజనమునకు గుర్తు. బాధ్యతను వదలించుకొనవలసినపుడు మనము చేతులు దులుపుకొందుము.

ఎరాస్మస్ అను డచ్చి పండితుని గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. అతడు గ్రీకు లాటిను గ్రంథములను గాలించి, లోకోక్తులను వివరణములతో 1500లో పారిసున అచ్చువేయించి, జీవితాంతము పెంచుచు పోగా, 1536లో అతడు మరణించునాటికి ఆ సంకలనము నాలుగువేలకు మించిన పలుకుబడుల గని యైనది. యూరపులోని భాషలన్నియు ఆ గనిని త్రవ్వుకొన్నవి. విశేషమేమనగా, ఇంగ్లీషులో మిక్కిలి పేరుపొందిన రెండు జాతీయములు ఈ మహాపండితుని పొరపాట్లు. ఉన్నమాటను ముఖముమీద అనుటకు గ్రీకులు "తొట్టిని తొట్టి యనుట" అనెడివారు. ప్లూటార్కు వ్రాసిన "స్కఫే" అను తొట్టిపేరును త్రవ్వుటకు సంబంధించిన క్రియతో కలగలిపికొని ఎరాస్మస్ దానిని పారగా మార్చెను. 1542లో నికలస్ యుడాల్ ఆ పారనే ఇంగ్లీషులోనికి దించగా "కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్" నిలిచిపోయినది. రెండవది "పాండోరాస్ బాక్స్". లోకములోని కీడులన్నియు పాండోరా మూతదీసిన పాత్రనుండి వెలువడెనని హెసియొడ్ చెప్పినాడు. అది నూనెయు, ద్రాక్షసారాయియు నిలువచేయు పెద్ద జాడీ. ఎరాస్మస్ చేతిలో అది చిన్నపెట్టె యైనది. తప్పుతెలిసి ఇన్నాళ్ళైనను ఎవ్వరును జాడీని మరల తేలేదు, తేబోరు. జాతీయమునందు వాడుకయే ప్రమాణము గాని వ్యుత్పత్తి కాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నేనెరుగను. మనము మాత్రము కుండబద్దలు కొట్టినట్లు చెప్పుచు, పారతోను తొట్టితోను పనిలేకయే అదే భావమును సాధించితిమి.

షేక్‌స్పియర్ నాటకములను విడువరాదు. అసూయకు "పచ్చకన్నుల భూతము" ఒథెల్లోనుండియు, నిర్దాక్షిణ్యముగా పట్టిన బాకీకి "పౌను మాంసము" వెనీసు వర్తకుడునుండియు, పచ్చివయస్సునకు "సాలడ్ డేస్" ఆంటొనీ క్లియోపాత్రలనుండియు వచ్చినవి. వీనిలో పెక్కింటిని అతడే కల్పించెననుట అతిశయోక్తి. నాటి జనుల నోట నున్నవానిని ఏరి, మరువరాని పాత్రల నోట పెట్టుటవలన అవి స్థిరపడినవి.

ఒక్కొక్కప్పుడు ఒక సామాన్యుని పేరే జాతీయమగును. కేంబ్రిడ్జిలో టామస్ హాబ్సన్ అను బండ్లవర్తకు డుండెడివాడు. 1631లో ముదిమిమీద చనిపోయెను. లండనునకు సరకులు తోలుటయే కాక, విద్యార్థులకు గుర్రములను బాడుగ కిచ్చెడివాడు. కుర్రవాండ్రు చురుకైన గుర్రములనే యెన్నుకొని దౌడు తీయించి, వానిని పాడుచేయుట చూచి, అతడొక నియమము పెట్టెను: సాలలో వాకిలికి దగ్గరగా నున్న గుర్రమును తీసికొనవలెను, లేదా నడచిపోవలెను. దానినే మరల తెచ్చి చివర కట్టుదురు. ప్రతి గుర్రమునకును వంతుప్రకారము పనియు విశ్రాంతియు దొరకును. ఇట్లు, ఎన్నుకొనుమని చెప్పుచునే వేరుదారి లేకుండ చేయుటకు "హాబ్సన్స్ చాయిస్" అను పేరు వచ్చినది. అపుడు అచ్చట చదువుచున్న మిల్టను అతని మరణముపై రెండు పద్యకృతులు వ్రాసెను. బండివానికి మహాకవి యెలిజీ లభించుట అరుదు. శాసనమొకటి జాతీయమైన విధము కూడ చెప్పదగినది. గట్టిగా మందలించుటను "రీడ్ ది రయట్ యాక్ట్" అందురు. 1714 నాటి ఆ చట్టముప్రకారము పన్నెండుగురో అంతకు మించియో గుంపుకూడి అల్లరి చేసినచో, మేజిస్ట్రేటు వచ్చి ప్రకటనను బిగ్గరగా చదువవలెను. చదివిన గంటలోపల చెదరిపోనివారు ఘోరశిక్షకు పాత్రులు. ఇప్పుడు దానిని తల్లులు పిల్లలకు చదువుచున్నారు.

అమెరికావారు చేర్చినవి వేరొక వ్యాసమునకు తగినన్ని కలవు. గొడ్డలిని పూడ్చి సంధిచేసికొనుట అచ్చటి ఆదివాసులదియు, బాధ్యతను ఇతరునిపైకి నెట్టు "పాస్ ది బక్" పేకాటవారిదియు, నమ్మినవానిని ద్రోహముతో అప్పగించు "సెల్ డౌన్ ది రివర్" మిస్సిసిపీనదివెంట దక్షిణమునకు అమ్ముడుపోయిన నీగ్రో బానిసలదియు అని చెప్పి విడిచెదను. కడపటి దానిని నవ్వుచు వాడువారు దాని వెనుకనున్న కన్నీటిని ఎరిగి వాడుట మంచిది.

పుట్టుకలను గూర్చి వినిపించు కథలన్నియు నమ్మదగినవి కావు. కుండపోతవానను ఇంగ్లీషువారు పిల్లులును కుక్కలును కురియుట యందురు. 1738లో స్విఫ్టు ప్రకటించిన సంభాషణసంపుటిలో నది కలదు. పూరియిండ్ల కప్పులమీద పండుకొన్న పిల్లులు, కుక్కలు వానకు జారి క్రిందపడుటచే నిది పుట్టెనను కథ నేటికిని ప్రచారములో నున్నది. కుక్క యింటికప్పు మీద పడుకొనుట యెవ్వరు చూచిరో చెప్పినవారు లేరు. నిజమైన కారణము తేలలేదు. "సేవ్డ్ బై ది బెల్" అనుదానిని సమాధిలో బ్రతికి లేచినవాడు గంట మ్రోగించుటతో ముడిపెట్టుటయు ఇట్టిదే. అది ముష్టియుద్ధములో ఆవృత్తి ముగిసినదని తెలుపు గంట. ఇంగ్లీషువారి మహానిఘంటువు 1928లో ముగిసి, ప్రతిమాటకును తేదీవారుగా ప్రయోగములను చూపిన పిమ్మటనే యీ కట్టుకథలను పరీక్షించుటకు గట్టి సాధనము దొరికినది.

భాషాంతరము చేయువాడు మాటలకంటె ముందు ఎండవానలను చూడవలెను. ఇంగ్లండు చలిదేశము. అచ్చట చల్లదనము చెడ్డది: అనాదరము "కోల్డ్ షోల్డర్", పనికిరాని ఓదార్పు "కోల్డ్ కంఫర్ట్", చివరిక్షణమున పట్టిన పిరికితనము "కోల్డ్ ఫీట్", జాలిలేని హత్య "కోల్డ్ బ్లడ్". వెచ్చదనము ప్రేమకు గుర్తు. మనకో, కడుపు చల్లగా నుండవలెను, తల్లి చూపు చల్లనిది కావలెను, పెద్దలు చల్లగా ఉండుమని దీవింతురు. మంట కడుపులో పుట్టినచో అసూయ, ఒంటిలో పుట్టినచో కోపము. ఇట్టి దేశమున "వార్మ్ వెల్‌కమ్"ను "వెచ్చని స్వాగతము" అని వ్రాయు విలేఖరి, మే నెలలో బెజవాడ రైలుస్టేషనులో దిగిన యతిథిని ఒకమారు తలచుకొనవలెను. "కోల్డ్ వార్"ను "చల్లని యుద్ధము" అనకుండ "ప్రచ్ఛన్నయుద్ధము" అన్న మన సంపాదకుడెవ్వరో గాని భాష తెలిసినవాడు. ఒకచోట మాత్రము రెండుభాషలును కలిసినవి: ఉత్సాహమును చంపుటకు వారు చన్నీళ్ళు పోయుదురు, మనము ఆశలపై నీళ్ళు చల్లుదుము, అయితే మన నీళ్ళు చల్లనివో కావో చెప్పనక్కరలేదు.

ఇట్లే "లెర్న్ బై హార్ట్" అన్నచో వారికి పాఠము గుండెలో చేరును. మనకు కంఠములో నిలిచి నోటికి వచ్చును. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అని వారు చంద్రుని నీలముగా చేసి అరుదైనదానిని చెప్పగా, మనము ఏ అమావాస్యకో పున్నమికో అని పంచాంగములోని చంద్రునితోనే సరిపెట్టుకొందుము. "మేక్ ఎ మౌంటెన్ ఔట్ ఆఫ్ ఎ మోల్‌హిల్" అను దానిలో చుంచు త్రవ్విన మట్టిదిబ్బ కొండ యగును. మనకు గోరంత కొండంత యగును. ముందునుయ్యి వెనుకగొయ్యి యగు చోట వారికి ఒకవైపు దయ్యము, ఒకవైపు కడలి. అన్నిటికంటె ముచ్చటయైనది "బీట్ అబౌట్ ది బుష్". వేటలో పక్షిని లేపవలసినవాడు పొదచుట్టును కొట్టుచు అసలు వేటకు రాకుండుటను బట్టి, విషయమునకు రానివాని మాట యట్టిదైనది. మన తెలుగువాడు దీనికి సరిగా "డొంకతిరుగుడు" అనును. డొంక యనగా పొదయు కలదు, పొదలనడుమ మెలికలు తిరుగు బండ్లబాటయు కలదు. ఒకరినొకరు చూడకయే రెండుజాతులవారు అదే పొదచుట్టు తిరిగినారు.

దొరకనిచోట అనువాదము తప్పదు; అందును మంచిచెడ్డలు కలవు. 1936లో స్పెయిను అంతర్యుద్ధమున మాడ్రిడ్డును ముట్టడించిన నాలుగు సైనికశ్రేణులకు తోడు నగరములోపలనే దాగియున్న తమవారిని ఉద్దేశించి "ఫిఫ్త్ కాలమ్" అను పేరు పుట్టినది. తెలుగువారు దానిని "పంచమాంగదళము" అనిరి. రథ గజ తురగ పదాతులతో సేన చతురంగమని చిన్ననాటినుండి విన్న చెవికి, ఐదవ యంగ మనగానే ద్రోహపు వాసన తగులును. ఇది అనువాదము కాదు, పునఃసృష్టి. "తెల్ల యేనుగు" అంత అదృష్టముగలది కాదు. తనకు గిట్టని సామంతునికి సయాము రాజు తెల్లని యేనుగును కానుకగా పంపి, దాని మేతఖర్చుతో వానిని దివాలా తీయించెడివాడను కథను బట్టి, పనికిరాని భారమునకు ఇంగ్లీషులో నా పేరు వచ్చినది. ఐరావతమునకు మ్రొక్కు మనకు తెల్ల యేనుగు శుభము. అయినను నష్టములలో మునిగిన ప్రతి ప్రభుత్వ కర్మాగారమును మన పత్రికలు తెల్ల యేనుగునే చేయుచున్నవి.

తొంటి "కిక్ ది బకెట్" మాత్రము ఎవ్వరును అనువదింపకుండగనే, పరిహాసముగా, కుర్రకారు నోట "బాల్చీ తన్నేసినాడు" అయి దిగబడినది. ఆ తన్ను ఇంగ్లీషువారిది. బాల్చీ యను మాటయు మనది కాదు, పోర్చుగీసువారి "బాల్దె" హిందూస్తానీలో బాల్టీయై మనయింటికి వచ్చినది. పంది, దూలము తోవలో పడిపోయినవి.

ఎదురుదారిని పోయినవియు కలవు. పూరీ రథోత్సవమునుండి "జగర్‌నాట్" ఏర్పడి, అడ్డువచ్చినదానినెల్ల నలిపివేయు మహాశక్తికి పేరైనది. పీర్లపండుగనాడు "యా హసన్, యా హుసేన్" అను కేకలను ఇంగ్లీషుసిపాయిలు "హాబ్సన్ జాబ్సన్" అని వినిరి. యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన తమ భారతీయాంగ్ల పదకోశమునకు ఆ పేరే పెట్టిరి. ఆ కోశములో మన "పందికొక్కు" కలదు. అది "బాండికూట్" అయి, ఇంగ్లీషువారి వెంట ఆస్ట్రేలియాకు ఓడయెక్కి, అచ్చట సంచికడుపుగల వేరొక చిన్న జంతువునకు పేరైనది. దిక్కులేక ఒంటరియైన వానిని ఆస్ట్రేలియావారు "లైక్ ఎ బాండికూట్ ఆన్ ఎ బర్న్ట్ రిడ్జ్", అనగా కాలిపోయిన గుట్టమీది పందికొక్కువలె నున్నాడందురు. మన గాదెల గోడలు త్రవ్వు ఎలుకకును, ఆ జంతువునకును ఏ చుట్టరికమును లేదు.